సభలో నిలబడి అడిగిన గొంతు



పసుపులేటి కన్నాంబ పేరు చెప్పగానే పాత సినిమాలు చూసినవాళ్ల కళ్ల ముందు మెదిలేది ఒక ఏడుపు ముఖం. కొడుకు కోసం కుమిలిపోయే తల్లి, భర్త తిరుగుళ్లు ఓర్చుకునే ఇల్లాలు, రాజ్యం పోయి అడవుల పాలైన మహారాణి. సినిమా చరిత్ర చెప్పేవాళ్లు కూడా తరచు ఆమెను కరుణరసానికి కట్టేసి, ఆ గంభీరమైన కంఠాన్ని ఒక మాట మెచ్చుకుని, కాంచనమాల అందం దగ్గరికో భానుమతి ధీమా దగ్గరికో వెళ్లిపోతుంటారు. ఆమె నటనలో ప్రధానమైంది ఏడుపు కాదు, అడగడం అని నా వాదం. ఆమెకు పేరు తెచ్చిన పాత్రలను వరుసగా పెట్టి చూడండి. కాశీ వల్లకాట్లో చంద్రమతి, కురుసభలో ద్రౌపది, మధురలో పాండ్యరాజు ఎదుట కణ్ణగి, కొలువుకూటంలో మనోహరుడి తల్లి, పల్నాటి రాజకీయంలో నాగమ్మ. ప్రతిచోటా ఒక ఆడమనిషి, అధికారం చేతిలో ఉన్న మగవాళ్ల ఎదుట నిలబడి, తన పక్షం తానే వాదించుకుంటోంది. కన్నీళ్లు ఉన్నాయి, కాదనను. అవి వాదన మధ్యలో వచ్చిన కన్నీళ్లు. ఆ వాదించే గొంతు ఎక్కడ తయారైంది, సినిమా మైకు ముందుకొచ్చాక ఎలా మారింది అన్నదే ఆమె వృత్తి జీవితంలో అసలు సంగతి.

కన్నాంబ 1911లో కడపలో పుట్టి, ఏలూరులో తాతగారింట పెరిగారు. సంగీతం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో తెలుగు స్టేజి మీద ఆడవేషం అంటే చాలావరకు మగవాడు కట్టేదే. సురభి నాటక కుటుంబాల్లో ఆడవాళ్లు ముందునుంచీ నటించారు గాని, మిగతా నాటక సమాజాల్లో చంద్రమతి అయినా సత్యభామ అయినా మీసం తీసేసిన మగవాడే. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచి వస్తుంటే ఆ నడక చూడ్డానికే జనం ఊళ్లు దాటి వచ్చేవారు. ఆయన చీరకట్టు, జడ, ఓరచూపు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. స్థానం మహానటుడు, అందులో రెండో మాట లేదు. అయితే మగవాడు ఆడదానిగా నమ్మించాలంటే ముందు నమ్మించాల్సింది ప్రేక్షకుడి కంటిని. అందుకే ఆ సంప్రదాయంలో మెప్పంతా హొయలకూ అలంకారానికీ పోయింది. ఆడమనిషే వేషం కట్టినప్పుడు ఆ శ్రమ అక్కర్లేదు, శక్తినంతా మాట మీద పెట్టవచ్చు. చంద్రమతి, సావిత్రి, అనసూయ, యశోద వేషాలతో కన్నాంబ పేరు తెచ్చుకున్నది ఆ వెసులుబాటుతోనే. చంద్రమతి వేషధారి శోకం సరిగా పలికించలేకపోతే, చూడవచ్చిన జనంలోంచి చిన్నపిల్ల కన్నాంబ లేచి ఆ పద్యం తాను పాడి వినిపించిందని ఒక కథ ప్రచారంలో ఉంది. పేరొందిన నటులందరి చిన్నతనానికీ ఇలాంటి కథ ఒకటి అతుక్కుంటుంది గనక దాన్ని నేను సాక్ష్యంగా వాడుకోను. కాని కథ చెప్పినవాళ్లకు చంద్రమతి పాత్రే గుర్తుకు రావడం గమనించదగ్గది. ఆ తర్వాత కడారు నాగభూషణంతో పెళ్లి, ఇద్దరూ కలిసి రాజరాజేశ్వరి పేరుతో నడిపిన నాటక మండలి, అదే పేరుతో ఫిలిం కంపెనీ.

కాటిసీను తెలియని తెలుగువాడు ఉండడు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ణి ఎత్తుకుని అర్ధరాత్రి చంద్రమతి వల్లకాటికి వస్తుంది. సుంకం చెల్లించందే దహనం లేదంటాడు కాటికాపరి. ఆ కాపరి తన భర్తేనని ఆమెకు తెలియదు. అతను తన యజమాని పెట్టిన కట్టడి చెబుతున్నాడు, ఆమె మనిషికి మనిషి చేయాల్సిన న్యాయం అడుగుతోంది. ఈ సీనులో హరిశ్చంద్రుడివి పద్యాలు. ఒక్కో పద్యం చివర రాగం లాగి, వన్స్‌మోర్లు కొట్టించుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం నాటకశాలలో మామూలు. పద్యానికీ పద్యానికీ మధ్య వచనాన్ని చాలామంది గబగబా అప్పజెప్పేవారు. వచనం అంటే తర్వాతి పద్యానికి హార్మోనియం వాద్యగాడు శ్రుతి సరిచూసుకునే వ్యవధి అన్నట్టు ఉండేది. సినిమా వచ్చి ఈ లెక్క తిరగేసింది. రీళ్ల కొలతలో పద్యానికి వన్స్‌మోర్ లేదు. పోనుపోను పద్యాల సంఖ్యే తగ్గింది. పద్యం మీద బతికిన నటులు చాలామంది అక్కడ చతికిలబడ్డారు. కన్నాంబ నిలబడ్డారు. నాకు తోచిన కారణం ఒక్కటే. పద్యం పాడేవాళ్లకు ఉండే ఊపిరిని ఆమె రాగం విడిచిపెట్టి వచనంలోకి తెచ్చుకున్నారు. ఎక్కడ విరవాలి, ఏ మాట మీద నిలబడాలి, నాలుగు వాక్యాల తర్వాత రాబోయే పెద్ద మాట కోసం ఎంత ఊపిరి దాచుకోవాలి, ఇదంతా పద్యం నేర్పిన విద్య. ఆమె నోట వచనం నెమ్మదిగా మొదలై, మెట్టు మెట్టుగా ఎక్కి, చివరి మాట దగ్గర దిగకుండా ఆగుతుంది.

1935లో వచ్చిన హరిశ్చంద్రతో ఆమె తెరమీదికి వచ్చారు. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, కన్నాంబ చంద్రమతి. ఆ మరుసటి ఏడాది జరిగింది ఇంకా ఆసక్తికరం. 1936లో ఒకే కథ మీద రెండు తెలుగు చిత్రాలు పోటాపోటీగా వచ్చాయి. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం, రెండోది ద్రౌపదీ మానసంరక్షణం. రెండోదానిలో దుర్యోధనుడు బళ్లారి రాఘవ, ద్రౌపది సురభి కమలాబాయి. రాఘవ పేరు అప్పటికి దేశమంతా మోగుతోంది. కమలాబాయి మన మొదటి టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి, అంటే తెలుగు తెరకు తొలి కథానాయిక. మొదటి చిత్రంలో యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.యస్.ఆర్. కృష్ణుడు, కన్నాంబ ద్రౌపది. జనం గెలిపించింది కన్నాంబ ఉన్న చిత్రాన్ని. ఒక చిత్రం ఆడడానికీ పోవడానికీ సవాలక్ష కారణాలుంటాయి, గెలుపంతా ఒక నటి ఖాతాలో వేయడం సబబు కాదు. కాని ఒక్క మాట మాత్రం దీనివల్ల తేలుతుంది. కన్నాంబను నిలబెట్టింది స్టేజి మీది కీర్తి ఒక్కటే అయితే, అంతకంటే పెద్ద కీర్తులు ఎదుటి పక్షంలో ఉన్నాయి. పైగా ద్రౌపది పాత్ర స్వభావం గమనించండి. సభాపర్వంలో ఆమె మొదట చేసే పని ఏడవడం కాదు, దుర్యోధనుడు పంపినవాణ్ణి ఒక ప్రశ్నతో వెనక్కి తిప్పి పంపడం. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా? తనను ఓడి దాసుడైనవాడికి నన్ను పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు నీళ్లు నమిలిన ప్రశ్న ఇది. వకీలు అడగాల్సిన ప్రశ్నను అవమానంతో రగిలిపోతూ అడగాలి. తర్కం వినపడాలి, దుఃఖమూ వినపడాలి. ఒకటి రెండోదాన్ని మింగేస్తే పాత్ర పోతుంది.

ఇక్కడే కొందరు అడ్డుపడతారు. ఆ గొంతు స్టేజి గొంతు, ఆ నటన అతినటన, మైకు చేతికొచ్చాక అంతలేసి ఎలుగెత్తడం ఎందుకు, సావిత్రి కనురెప్ప కదిలించి చెప్పినదాన్ని కన్నాంబ రెండు నిమిషాల ఉపన్యాసంతో చెప్పారు అంటారు. వినడానికి బాగానే ఉంది గాని ఆ మాటలో ఒక పొరపాటుంది. 1936 నాటి మైకు 1956 నాటి మైకు కాదు. పాటా మాటా షూటింగు జరుగుతుండగానే రికార్డు కావాలి. కెమెరా రొద ఒక పక్క, మైకు ఎక్కడుంటే నటులు అక్కడ కాళ్లు పాతుకుని నిలబడాలి. ఫిలిం అంచున వెలుతురు గీతలుగా ముద్రించిన ఆ ధ్వనిలో హల్లుల అంచులు అరిగిపోయేవి. ఆ చిత్రం పల్లెటూరికి వెళ్లి డేరా టాకీసులో ఆడితే బయట ఇంజను చప్పుడు, లోపల పిల్లల ఏడుపులు, నేల టిక్కెట్టు జనం మాటలు. ఇన్నిటినీ దాటుకుని ప్రతి అక్షరమూ చివరి వరుసకు చేరాలి. అరిస్తే చేరదు. అరుపు ఆ యంత్రంలో చీలిపోతుంది. ఒత్తులు ఒత్తులుగా, దీర్ఘాలు దీర్ఘాలుగా, మాట మాటకూ సందు ఇచ్చి పలికితేనే చేరుతుంది. మనకు ఇవాళ నాటకీయంగా వినిపించేది ఆనాటి ప్రేక్షకుడికి స్పష్టంగా వినిపించింది. అప్పటి అవసరాన్ని ఇప్పటి అలవాటుతో కొలవడం న్యాయం కాదు.

పురాణాలు దాటి వస్తే 1938 నాటి గృహలక్ష్మి. సోమరాజు రామానుజరావు రాసిన రంగూన్ రౌడీ నాటకం దానికి ఆధారం. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. నాగయ్య తెరమీద కనిపించిన మొదటి చిత్రం అదే. డాక్టరైన భర్త ఒక నర్తకి వలలో పడతాడు, ఇల్లు గుల్లవుతుంది. భార్య రాధ కన్నాంబ, నర్తకి కాంచనమాల. అన్ని విధాలా చితికిపోయిన రాధ మతి చలించి, జుట్టు విరబోసుకుని మద్రాసు వీధుల్లో పడి పరుగెత్తుతుంది. దేవుడూ లేడు, సత్యమూ లేదని పెద్దపెట్టున ఎలుగెత్తి చాటుతుంది. ఆ చిత్రం పేరెత్తినప్పుడల్లా ముందుగా గుర్తుచేసేది ఆ ఘట్టాన్నే. కథ ఆమెను పిచ్చిదంటుంది. ఆమె చెబుతున్న మాటలు మాత్రం అప్పటివరకు జరిగినదానికి అక్షరాలా సరిపోతాయి. ద్రౌపదికి కనీసం ఒక సభ ఉంది, భీష్మద్రోణులున్నారు. 1938లో ఒక మధ్యతరగతి ఇల్లాలికి ఫిర్యాదు చేసుకోవడానికి సభ ఏది? వీధే ఆమెకు సభ అయింది. సంసారపక్షపు ఆడవాళ్లు సినిమాలో నటించడమే తప్పనుకునే కాలంలో, నడివీధిలో దేవుణ్ణి నిలదీసే ఇల్లాలిని జనం మెచ్చుకున్నారంటే, ఆ ప్రశ్న అప్పటికే వాళ్ల మనసుల్లో ఉందన్నమాట.

తమిళ తెరమీద కన్నాంబ సాధించినది మన దగ్గర తగినంతగా చెప్పుకోము. 1940లో కృష్ణన్ తూతు, 1941లో అశోక్‌కుమార్, 1942లో కణ్ణగి. సంభాషణలను తెలుగు అక్షరాల్లో రాయించుకుని కంఠతా పట్టేవారట. కణ్ణగికి ఇలంగోవన్ రాసిన బరువైన తమిళ వచనాన్ని తెలుగు నటి నోట విని తమిళులు తమ కణ్ణగి ఇలాగే ఉండాలనుకున్నారు. భాష రాకుండా కంఠతా పట్టి చెబితే అది నటన ఎలా అవుతుంది, చిలకపలుకు కాదా అని అడగవచ్చు. పద్యనాటకం నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. నన్నయ తిక్కనల ఫక్కీలో సాగే సమాసాలు వ్యవహారంలో ఎవరూ మాట్లాడేవి కావు. వాటినీ చెవితోనే నేర్చుకుని, అర్థం విడమరిచి చెప్పించుకుని, ఊపిరికి తగ్గట్టు విరుచుకునేవారు. ఇక కణ్ణగిలోని సభా ఘట్టం చూడండి. కణ్ణగి భర్త కోవలన్‌ను, రాణిగారి అందె దొంగిలించాడని పాండ్యరాజు చంపించాడు. కణ్ణగి రెండో అందె పట్టుకుని కొలువుకు వస్తుంది. మీ రాణి అందెలో ఏమున్నాయని అడుగుతుంది. ముత్యాలంటాడు రాజు. నా అందెలో ఉన్నవి మాణిక్యాలు అంటుంది, కోవలన్ దగ్గర పట్టుకున్న అందెను పగలగొడుతుంది. మాణిక్యం ఎగిరిపడుతుంది. సాక్ష్యం చూపించి, విచారణ లేకుండా వేసిన శిక్ష తప్పని సభలో రుజువు చేయడం ఇది. మధుర తగలబడడం ఆ తర్వాతి మాట. ఆ చిత్రం తీసిన జూపిటర్ సంస్థవారు కణ్ణగికి కన్నాంబను ఎంచుకోవడం వెనక 1936 నాటి ఆ ద్రౌపది ఉందని నేననుకుంటాను.

పన్నెండేళ్ల తర్వాత అదే జూపిటర్ సంస్థ మనోహర తీసింది. పమ్మల్ సంబంధ మొదలియార్ పాత నాటకం, కరుణానిధి మాటలు, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం, శివాజీ గణేశన్ కథానాయకుడు. రాజు వసంతసేన మోజులో పడి రాణి పద్మావతిని దూరం పెడతాడు. కొడుకు ఆవేశపరుడు, తండ్రి మీద కత్తి దూయగలడు. తల్లి అతనిచేత ఓర్చుకుంటానని మాట తీసుకుంటుంది, కథ పొడుగునా ఆ మాటతో అతన్ని కట్టేసి ఉంచుతుంది. చివర కొలువులో కొడుకు గొలుసులతో స్తంభాలకు బందీ. అప్పుడు తల్లి తానిచ్చిన ఆజ్ఞను తానే వెనక్కి తీసుకుంటుంది. ఇప్పుడు ఆ సీను చూస్తే కళ్లన్నీ గొలుసులు తెంపుతున్న శివాజీ మీదే ఉంటాయి. కాసేపు తెర చూడకుండా మాటలు మాత్రం వినండి, రేడియో నాటకం విన్నట్టు. కరుణానిధి వచనానికి ప్రాసా యతీ ఉంటాయి, సగం పద్యం లాంటిది. దాన్ని అదే తూగులో చెప్పుకుంటూ పోతే పాట అయిపోతుంది. కన్నాంబ ఆ తూగును మధ్య మధ్య విరుస్తారు. ఇన్నాళ్లు ఓర్పు చెప్పిన గొంతు కదా, ఆ ఓర్పు బరువు మొదటి వాక్యాల్లో ఉంటుంది. తర్వాతే వేగం. మాటకు మాట తగిలించడంలో తిరుగులేదనిపించుకున్న శివాజీ, ఆ కాసేపూ ఆమె చెప్పేది వినే పాత్ర.

ఇంకొక అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఈ వాదనలన్నీ పాతివ్రత్యం పునాది మీద నిలబడ్డాయి కదా? ద్రౌపది, చంద్రమతి, కణ్ణగి, అందరూ పతివ్రతలు గనకనే వాళ్లకు అడిగే హక్కు దక్కింది, మామూలు ఆడదానికి ఆ హక్కు ఈ చిత్రాలు ఇవ్వలేదు. గృహలక్ష్మిలో కూడా నింద చాలావరకు నర్తకి మీద పడుతుంది, డాక్టరుగారి మీద కాదు. నిజమే, ఒప్పుకుని తీరాలి. ఆ కథల్లో ఇల్లాలి న్యాయం, వెలయాలి అన్యాయం అనే పంపకం కరుడుగట్టి ఉంది. కన్నాంబ దాన్ని మార్చలేదు. నటి చేతిలో కథ ఉండదు. రాజరాజేశ్వరి సంస్థ ద్వారా సొంతంగా తీసిన చిత్రాల్లో కూడా సతీ సుమతి, సతీ సక్కుబాయి లాంటివే కనిపిస్తాయి, ఇది ఆమెను మెచ్చుకునేవాళ్లు కాస్త ఇబ్బందిగా దాటేసే విషయం. కాని పాతివ్రత్యం తీసేస్తే ఆ గొంతు మూగబోతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి సాక్ష్యం ఉంది. అశోక్‌కుమార్‌లో ఆమె తిష్యరక్షిత, సవతికొడుకు కుణాలుణ్ణి కోరుకుని, కాదన్నందుకు అతని కళ్లు పోగొట్టిన రాణి. చండిక చిత్రంలో కత్తి పట్టిన సాహసి.

అన్నిటికీ మించి 1947 నాటి పల్నాటి యుద్ధంలో నాగమ్మ. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి, ఆయన మరణించాక ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రం అది. బ్రహ్మనాయుడు గోవిందరాజుల సుబ్బారావు. పల్నాటి కథలో నాగమ్మను జిత్తులమారి ఆడదిగా చెప్పుకోవడం పరిపాటి. ఆమెకు ఏ భర్త శీలంతోనూ పని లేదు, ఏ కొడుకు రక్షణా లేదు. నలగామరాజు కొలువులో మంత్రి, తెలివే ఆమె ఆస్తి. ఈ పాత్రను మూతి విరుపులతో, కళ్లు తిప్పడంతో నడిపించే వీలుంది, చాలామంది అలాగే నడిపించేవారు. ద్రౌపదికి వాడిన గంభీరమైన గొంతునే కన్నాంబ నాగమ్మకూ వాడారు. దాంతో బ్రహ్మనాయుడూ నాగమ్మా ఎదురెదురుగా నిలబడితే మంచీ చెడూ అన్నట్టు కాక రెండు రాజనీతులు తలపడినట్టుంటుంది. కథలో ఎవరి పక్షం చేరాలన్నది రచయిత ముందే తేల్చేసినా, నాగమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఆమె మాటలో సబబుందే అనిపిస్తుంది.

అతినటన ఆరోపణకు చివరి జవాబు 1957 నాటి తోడికోడళ్లులో ఉంది. శరత్ కథ, ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు కన్నాంబ, చిన్నకోడలు సావిత్రి, మధ్యలో నిప్పు రాజేసేది సూర్యకాంతం. భర్త ఎస్వీ రంగారావు. ఇక్కడ సభ లేదు, కిరీటాలు లేవు, వంటిల్లూ వసారా ఉన్నాయి. ఇరవయ్యేళ్ల కిందట కురుసభను నిలదీసిన గొంతు ఇక్కడ పిల్లల్ని కోప్పడుతుంది, మరిదిని మందలిస్తుంది, మతిమరుపు భర్తను ఆటపట్టిస్తుంది. మాట తీరులో స్పష్టత అదే, మోత లేదు. స్టేజి గొంతు తప్ప మరొకటి తెలియని నటి అయితే సావిత్రి పక్కన నిలబడినప్పుడు ఇద్దరూ రెండు వేర్వేరు చిత్రాల్లోంచి వచ్చినట్టుండాలి. అలా ఉండదు, అత్తాకోడళ్ల ఈడు తేడా ఉన్న తోడికోడళ్లలాగే ఉంటారు. ఎక్కడ ఎంత గొంతు కావాలో ఆమెకు తెలుసు. 1936లో ఎక్కువ కావలసి వచ్చింది, 1957లో తక్కువ సరిపోయింది.

ఆ తర్వాత పాత్రలు చిన్నవయ్యాయి. 1963లో లవకుశలో కౌసల్య. 1964 మే 7న మద్రాసులో కన్నుమూశారు. ఆమెతోనే రాజరాజేశ్వరి వారి వైభవమూ ముగిసింది.

ఆమె తర్వాత ఆ విద్య ఏమైంది? ప్లేబ్యాక్ వచ్చి పాడే గొంతు నటినుంచి విడిపోయింది. కన్నాంబ తరం తమ పాట తామే పాడారు గనక వాళ్లకు మాటా పాటా ఒకే ఊపిరి. తర్వాతి దశలో మాట కూడా విడిపోయింది. పరాయి భాషలనుంచి వచ్చిన కథానాయికలకు సరిత, రోజారమణి వంటివాళ్లు గొంతు అరువిచ్చారు. వాళ్ల ప్రతిభ తక్కువేమీ కాదు, కాని డబ్బింగు గదిలో ఆ గొంతు తెరమీది పెదవుల కదలికకు లోబడి ఉండాలి, తన ఊపిరి తాను తీసుకోలేదు. పౌరాణికాలేమో మగవాళ్ల పరమయ్యాయి. 1977లో దానవీరశూరకర్ణ వచ్చింది. అందులోనూ జూదం ఉంది, సభ ఉంది, ఈడ్చుకు వచ్చిన ద్రౌపది ఉంది. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణలు తెలుగునాట మైకుల్లో మోగని ఊరు లేదు, పిల్లలు సైతం గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. వాళ్లు అప్పజెప్పినవి దుర్యోధనుడి మాటలు.